శరత్ పున్నమికి జోధ్‌పూర్ కోటలో కచేరీలు: ఎవరెవరు వస్తున్నారు?

తంబూరా_తీగ
శనివారం, రాత్రి 9:10

శ్రావణం వచ్చేసింది. ఇప్పుడు అనుకోకపోతే ఈ ఏడు కూడా యూట్యూబే గతి. జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోట మీద ఏటా ఆశ్వయుజ పౌర్ణమిని చూసుకుని జరిపే జానపద సంగీతోత్సవానికి ఈసారి వెళ్లి తీరాలని నేనూ మా ఆవిడా అనుకున్నాం. 2007లో మొదలైన ఉత్సవం, పొట్టిగా రిఫ్ అంటారు. జానపదమే కాదు, హిందుస్తానీ వాళ్లు పాడతారు, వేరే దేశాల వాళ్లు తమ వాయిద్యాలతో వస్తారు.

చిక్కల్లా ఏమిటంటే నాది పూర్తిగా కర్ణాటక చెవి. రాగం, కృతి, స్వరకల్పన, తని (మృదంగం వంతు), ఈ వరస తప్పితే ఎక్కడ తల ఊపాలో కూడా తెలీదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ఏం తప్పక వినాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏది వదిలేసినా ఫర్వాలేదు?

ఎడారి_బాట
శనివారం, రాత్రి 10:02

రండి రండి. నేనైతే ఈసారీ వెళ్తున్నా.

రోజు మూడు నాలుగు ముక్కలుగా ఉంటుంది. తెల్లవారకముందు జస్వంత్ థడా దగ్గర ఒక కచేరీ. కోటకు కొద్ది దూరంలో 1899లో కట్టిన చలువరాతి సమాధి మందిరం అది. పగలు కోట లోపలి ముంగిళ్లలో చిన్న చిన్న బృందాలు పాడుతూ వాయిస్తూ ఉంటాయి. సాయంత్రం నుంచి జనానా (రాణివాసం) ముంగిట్లో పెద్ద స్టేజీ. ఆ తర్వాత అర్ధరాత్రి దాటాక డాన్సు చేసుకునే కుర్రకారుకి ఇంకొకటి.

నన్నడిగితే తెల్లవారుజాముదీ పగటిదీ వదలొద్దు. పెద్ద స్టేజీ మీద లైట్లు, సౌండు, బయటి దేశం డ్రమ్ములతో మన లంగా కులం ఎడారి గాయకుల్ని కలిపి చేసే ప్రయోగాలు ఉంటాయి. బాగానే ఉంటాయి, కానీ పది నిమిషాలకి అందరూ ఒకే వేగంలోకి వచ్చేస్తారు. సన్నగా ఉండే వాయిద్యం అందులో మునిగిపోతుంది.

పగలు అలా కాదు. రెండు మూడు అడుగుల దూరంలో నేల మీద కూర్చోవచ్చు. కమాయిచా అనే కమాను వాయిద్యం వాయించే పెద్దాయన దగ్గర కూర్చోండి. మామిడి చెక్క తొలిచిన గుండ్రటి బుర్ర, దాని మీద మేకతోలు, మూడు పెద్ద తీగలూ మేక పేగువే. వాటి పక్కన ఉక్కు తీగల వరస, వాటిని ఎవరూ ముట్టుకోరు, వాటంతటవే మోగుతాయి. గొంతు విప్పకముందే కమాను ఒక్క స్వరం మీద పెట్టి లాగుతాడు, లోపల తీగలన్నీ హోరెత్తుతాయి. అప్పుడు దూహా ఎత్తుకుంటాడు. రెండే పాదాలు, తాళం లేదు, మన నాటకాల్లో పద్యం అందుకున్నట్టే ఉంటుంది. అంతసేపూ ఖర్తాల్ కుర్రాడు చేతికి రెండేసి చెక్కలు పట్టుకుని కదలకుండా కూర్చుంటాడు. పాట మొదలైన క్షణాన ఆ నాలుగు చెక్కలూ ఎలా లేస్తాయో చూడాలి, రాస్తే తెలిసేది కాదు.

మీ కర్ణాటక చెవికి భయం లేదు. మాండు రాగం మీకు తెలిసిందే కదా, కచేరీ చివర్లో వింటారు. అది పుట్టింది ఆ ఇసకలోనే.

గిటారు_గిరి
శనివారం, రాత్రి 10:40

మైకులు ఉంటాయా లేవా బ్రో? నాకు అకూస్టిక్‌గా వినాలని ఉంది. హైదరాబాద్‌లో 'అన్‌ప్లగ్డ్' అని పిలిచి నాలుగు స్పీకర్లు పెడతారు.

ఎడారి_బాట
శనివారం, రాత్రి 10:51

స్టేజీ మీద ఉంటాయి గిరీ, అంతమందికి వినపడాలి కదా. చెవికి నేరుగా వినాలంటే పగటిపూట ముంగిళ్లే. కోట గోడలు ఎత్తు, రాయి, అందుకని మోర్చంగ్ లాంటి చిన్న వాయిద్యం కూడా వినపడుతుంది. అదే మన కచేరీల్లో మోర్సింగ్.

శ్రుతిపెట్టె
ఆదివారం, ఉదయం 6:15

అందరికీ నమస్కారం. తంబూరా గారూ, మీది కర్ణాటక చెవి అంటున్నారు కాబట్టి ఈ పెద్దవాడి మాట ఒకటి వినండి. శరత్కాలంలో కచేరీ వినడానికి ఊరు దాటాలంటే ఉత్తరానికి కాదు, దక్షిణానికి వెళ్లండి. తిరువనంతపురంలో పద్మనాభస్వామి గుడి దగ్గర నవరాత్రి మండపం.

సాయంత్రం 6 గంటలకు మొదలు, 8:30కి ముగింపు. నిమిషం అటూ ఇటూ కాదు. రోజుకో స్వాతి తిరునాళ్ కృతి ప్రధానం, అది ఏ రాగమో ముందే నిర్ణయం: శంకరాభరణం, కల్యాణి, సావేరి, తోడి, భైరవి, పంతువరాళి, శుద్ధసావేరి, నాటకురంజి, తొమ్మిదో రోజు ఆరభి. అమ్మవారి ఎదుట పాడుతున్నారు తప్ప మన కోసం కాదు. కాబట్టి చప్పట్లు లేవు. తోడి ఆలాపన అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టకపోతే ఆ నిశ్శబ్దంలో కృతి మొదలవుతుంది చూడండి, దానికోసం వెళ్లాలి. మగవాళ్లు పంచె కట్టుకోవాలి.

జోధ్‌పూర్ ఉత్సవం అంటే నాకు వ్యతిరేకత ఏమీ లేదు. చేతిలో గ్లాసు పట్టుకుని సంగీతం వినే చోటికి నేను రాలేను, అంతే.

తంబూరా_తీగ
ఆదివారం, ఉదయం 7:30

మాస్టారూ, నవరాత్రి మండపం మా లిస్టులో ఎప్పటినుంచో ఉంది. ఇబ్బంది ఏమిటంటే నవరాత్రులకి మా ఇంట్లో బొమ్మల కొలువు. ఆ తొమ్మిది రోజులూ మా ఆవిడ గుమ్మం దాటదు. జోధ్‌పూర్ అయితే దసరా అయ్యాకే కదా, పున్నమి ముందు నాలుగైదు రోజులు.

వీణాపాణి
ఆదివారం, ఉదయం 8:05

మాస్టారు చెప్పని సంగతి ఒకటి చేరుస్తాను. ఆ మండపంలో 2006 వరకు ఆడవాళ్లని పాడనివ్వలేదు. ఆ ఏడాది పారశ్శాల పొన్నమ్మాళ్ గారు పాడి ఆ గేటు తెరిచారు. అప్పటికి ఆవిడ ఎనభై దాటారు. అమ్మవారి పండగ, అమ్మవారి మీద కృతులు, పాడేవాళ్లు మాత్రం మగవాళ్లే అని అన్నాళ్లు ఎలా నడిచిందో నాకిప్పటికీ బోధపడదు.

శ్రుతిపెట్టె
ఆదివారం, ఉదయం 8:40

వాస్తవం అమ్మా. పొన్నమ్మాళ్ గారి పాట నేను విన్నాను. అంత నిలకడైన గొంతు ఆ వయసులో అరుదు. ఆలస్యంగా తెరిచారన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఎడారి_బాట
ఆదివారం, ఉదయం 9:20

అక్కా, ఎడారిలోనూ అదే కథ. మాంగణియార్ అనే గాయక కులం ఆడవాళ్లు ఇళ్లలో, పెళ్లిళ్లలో ఎప్పటినుంచో పాడతారు. బయట స్టేజీ ఎక్కి పాడిన మొదటి మనిషిగా రుక్మాబాయి పేరే చెబుతారు. పోలియో ఉన్న మనిషి, డోలక్ తనే వాయిస్తూ పాడేది, 2011లో పోయింది. లంగా ఆడవాళ్ల పాట అయితే ఈనాటికీ బయట వినపడదు.

ఒగ్గు_డోలు
ఆదివారం, ఉదయం 11:00

అన్నలకు, అక్కలకు దండాలు. రెండు మాటలు చెప్తా, కోపం తెచ్చుకోకండి.

కోట మీద టికెట్టు కొని జానపదం వింటామంటున్నరు, మంచిదే. మీలో ఎంతమంది ఒగ్గుకథ తెల్లందాక కూర్చుని విన్నరు? బీరప్ప పెండ్లిల పట్నాల (రంగుల ముగ్గుల) మీద డోళ్లు ఆడుతుంటే చూసినోళ్లు ఎవరు? చుక్క సత్తయ్య కథ చెప్తే ఊరు ఊరంతా నిద్ర మానుకుని కూసునేది. ఇక్కడ అరవై కిలోమీటర్లకు రాని శ్రోతలు, అక్కడికి రెండు రోజులు రైల్ల పోతరు. అక్కడివాళ్లది కళ, ఇక్కడోళ్లది మైకు గోల అన్నట్టు మాట్లాడుతరు.

కొత్త_శ్రోత
ఆదివారం, ఉదయం 11:12

అన్నా, ఇప్పుడు వెళ్దామంటే ఒగ్గువాళ్లు కథ చెప్పే కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత కదా?

ఒగ్గు_డోలు
ఆదివారం, ఉదయం 11:20

జాతర అప్పుడే తమ్మీ, సంక్రాంతి నుంచి ఉగాది దాకా. శరత్కాలం అంటే మనకు బతుకమ్మ. స్టేజీ అక్కర్లేదు, టికెట్టు అక్కర్లేదు, చప్పట్లే తాళం. తొమ్మిది రోజులు ఏ వాడకు పోయినా వినొచ్చు. డీజే పెట్టని వాడ దొరకాలె, గంతే.

ఎడారి_బాట
ఆదివారం, మధ్యాహ్నం 12:45

ఒగ్గన్నా, మీ కోపంలో న్యాయం ఉంది. కానీ నేను జోధ్‌పూర్ వెళ్లడం మొదలుపెట్టాకే మన వాళ్ల గురించి సరిగ్గా తెలుసుకున్నాను, ఆ కారణం చెప్తాను వినండి.

మాంగణియార్లు ముస్లింలు. వాళ్ల జజ్మాన్లు, అంటే వాళ్లని పోషించే ఇళ్లవాళ్లు, ఎక్కువగా హిందూ రాజపుత్రులు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే, పెళ్లయితే పాడాలి, వంశావళి మొత్తం నోటికి చెప్పాలి. శుభరాజ్ అంటారు దాన్ని. కృష్ణుడి మీదా అమ్మవారి మీదా పాడతారు. లంగాలూ ముస్లింలే, వాళ్ల జజ్మాన్లు సింధీ సిపాహీలు, వాళ్లూ ముస్లింలే. ఫలానా గాయకుల ఇంటికి ఫలానా జజ్మాన్ల ఇళ్లు అని తాతల నాటి నుంచి పంచుకుని ఉంటాయి. మనం కోటలో వినేదంతా ఆ ఇళ్లలో పెరిగిన సంగీతమే. స్టేజీ నిన్నగాక మొన్న వచ్చింది.

ఇది విన్నాక నాకు తట్టింది, ఒక్కో కులాన్ని నమ్ముకుని దానికి కథ చెప్పే మన ఆశ్రిత కులాలది కూడా ఇదే ఏర్పాటు కదా అని.

ఒగ్గు_డోలు
ఆదివారం, మధ్యాహ్నం 1:30

ఇప్పుడు దారికొచ్చినవు అన్నా.

అచ్చం అదే. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులివాళ్లు. ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగలవాళ్లు. కురుమలకు బీరప్ప కథ ఒగ్గువాళ్లు. ఒక్కో ఇంటికి ఇన్ని ఊర్లని మిరాశీ (వంశ హక్కు) ఉంటది, వేరేవాళ్లు ఆ ఊర్ల అడుగుపెట్టొద్దు. ఏడాదికో రెండేండ్లకో వచ్చి కథ చెప్పి త్యాగం (కథకు ఇచ్చే కట్నం) తీసుకుంటరు. ఇవ్వకపోతే కులపెద్దనే నిలదీసే హక్కు ఉండేది. అది బిచ్చం కాదు, వాళ్లకు రావల్సిన బాకీ. ఇప్పుడు మిరాశీ కాగితాలు ఉన్నయి, కథ విననీకె మనుషులు లేరు. పిలగాండ్లు హైదరాబాద్‌ల ఆటో నడుపుతున్నరు.

కిన్నెర మొగులయ్య పద్మశ్రీ అయినంక (2022ల) అందరికీ కిన్నెర అంటే ఏందో తెలిసింది. అది డక్కలివాళ్ల వాయిద్యమని, ఒకరికి కథ చెప్పి బతకడానికి పుట్టిందని ఎవరికి తెలుసు? నారాయణపేట దాసరి కొండప్పకు 2024ల బుర్రవీణకు పద్మశ్రీ వచ్చింది. ఆయన తర్వాత వాయించేటోళ్లు ఏరీ?

వీణాపాణి
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మరి అక్కడ నిలబడింది, ఇక్కడ ఎందుకు నిలబడలేదు? వాళ్లకీ జజ్మాన్లు తగ్గే ఉంటారుగా.

ఎడారి_బాట
ఆదివారం, మధ్యాహ్నం 3:25

తగ్గారక్కా. నాకు అర్థమైనంతలో తేడా ఒక మనిషి వల్ల వచ్చింది, కోమల్ కొఠారీ. 1960లో రచయిత విజయ్‌దాన్ దేథాతో కలిసి బోరుందా అనే పల్లెలో రూపాయన్ సంస్థాన్ పెట్టాడు. ఊరూరా తిరిగి రికార్డు చేశాడు. రికార్డు చేసి బీరువాలో పెట్టుకోలేదు. ఎవరు ఎవరికి పాడతారు, ఏ సందర్భానికి ఏ పాట అన్నది రాసుకున్నాడు, ఆ గాయకుల్నే ఢిల్లీకీ బయటి దేశాలకీ తీసుకెళ్లాడు. పిల్లలకి నేర్పే శిబిరాలు పెట్టించాడు. 2004లో ఆయన పోయేనాటికి లంగా, మాంగణియార్ అంటే ప్రపంచానికి తెలిసిన పేర్లు. రిఫ్ వచ్చింది దాని తర్వాత.

పద్మశ్రీల లెక్క చూసినా తెలుస్తుంది: కమాయిచాకి సాకర్ ఖాన్ 2012లో, పాటకి అన్వర్ ఖాన్ 2020లో, సింధీ సారంగికి లాఖా ఖాన్ 2021లో. అన్నీ ఆ చుట్టుపక్కల ఎడారి పల్లెలే.

మన దగ్గర పని జరగలేదని కాదు. బిరుదురాజు రామరాజు గారు 1950ల్లోనే తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేశారు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. జయధీర్ తిరుమలరావు గారు 'ఆద్యకళ' పేరుతో ఎన్ని వాయిద్యాలు పోగుచేశారో. కానీ ఎక్కువ భాగం పుస్తకంగానో మ్యూజియంగానో మిగిలింది. వాయించే మనిషికి ఏటా ఫలానా పున్నమికి ఫలానా చోట కచేరీ ఉందన్న భరోసా మనం ఇవ్వలేదు. అదొక్కటీ కోట ఇచ్చింది.

శ్రుతిపెట్టె
ఆదివారం, సాయంత్రం 4:00

ఈ వాదన నాకు నచ్చింది. త్యాగరాజ ఆరాధన లేకపోతే తిరువయ్యారుకు ఏటా పుష్య బహుళ పంచమికి ఎవరు వెళ్తారు? తిథి, చోటు ఖాయంగా ఉంటే సంగీతం దాని చుట్టూ చేరుతుంది.

గ్లాసుల గురించి నా మాట అలాగే ఉంది.

బొమ్మల_పటం
ఆదివారం, సాయంత్రం 5:15

ఆలస్యంగా వచ్చాను, మంచి చర్చ. తంబూరా గారూ, అక్కడ భోపా అనే కథాగాయకులు కనిపిస్తే వదలకండి. పాబూజీ అనే వీరుడి కథని పొడవాటి గుడ్డ మీద బొమ్మలుగా వేస్తారు, ఫడ్ అంటారు. భోపా రావణహత్థా అనే కమాను వాయిద్యం వాయిస్తూ పాడతాడు. అతని భార్య భోపీ దీపం పట్టుకుని, పాటలో కథ ఎక్కడికి వచ్చిందో ఆ బొమ్మకి దీపం దగ్గరగా చూపిస్తూ తనూ గొంతు కలుపుతుంది. బొమ్మలు కథ వరసలో ఉండవు, గుడ్డ అంతా చెల్లాచెదురుగా ఉంటాయి. అందుకని ఆ దీపం ఎటు వెళ్తుందో చూస్తూ ఉండాలి.

మన చేర్యాల పటం దీనికి వేరే దారి పట్టింది. నిలువుగా పైనుంచి కిందికి వరసగా గళ్లు, కథ నడిచేకొద్దీ పటం విప్పుతూ పోతారు. కాకిపడగల, కూనపులివాళ్ల కోసం నకాషీ చిత్రకారులు వేసేది ఈ పటాలే. ఇప్పుడు చేర్యాలలో ఎక్కువగా మాస్కులు, కీచెయిన్లు, గోడకు తగిలించుకునే చిన్న బొమ్మలు అమ్ముడుపోతున్నాయి. కథ చెప్పడానికి నిలువెత్తు పటం చేయించుకునేవాళ్లు ఎంత తగ్గిపోయారో అక్కడివాళ్లని అడగండి. భిల్వాడా వైపు ఫడ్ వేసే జోషీలూ టూరిస్టు సైజులు వేస్తున్నారు, అది వేరే సంగతి.

కొత్త_శ్రోత
ఆదివారం, సాయంత్రం 5:50

మార్వాడీ రాకపోతే పాట అర్థమవుతుందా? నాకు హిందీయే అంతంత మాత్రం.

ఎడారి_బాట
ఆదివారం, సాయంత్రం 6:20

మాట అర్థం కాదు తమ్ముడూ. సందర్భం అడిగి తెలుసుకో, చాలు. పెళ్లికొడుకు పాటా, వానపాటా, ఊరొదిలి వెళ్లిన మొగుడి కోసం పాడేదా అని. పగటిపూట పాడేవాళ్లని అడిగితే ఓపిగ్గా చెబుతారు. ఒక్క మనవి, అందరికీ తెలిసిన ఆ ఒక్క 'కేసరియా బాలమ్' పాటే పాడమని మాత్రం అడక్కు. రోజంతా టూరిస్టులు అదే అడుగుతారు. పాపం వాళ్ల మొహం చూస్తే తెలుస్తుంది.

వేదిక_నిర్వహణ
ఆదివారం, సాయంత్రం 6:45

చిన్న మనవి. ఇక్కడ పాసులు అమ్మడం, కొనడం, 'నా దగ్గర ఒకటి మిగిలింది' లాంటి పోస్టులు పెట్టవద్దు. రెండు తీసేశాం. ఉత్సవం సొంత సైటులోనే కొనుక్కోండి. ప్రయాణం వివరాలు ఈ చర్చలోనే రాసుకోవచ్చు.

రాత్రిబండి
ఆదివారం, రాత్రి 8:30

ప్రయాణం నా డిపార్ట్‌మెంటు. కాచిగూడ నుంచి భగత్ కీ కోఠికి నేరు రైలు 2025 జూలైలో వేశారు, రోజూ ఉంది. భగత్ కీ కోఠి అంటే జోధ్‌పూర్ ఊళ్లో స్టేషనే, కోటకి ఆటో దొరుకుతుంది. రెండు రోజులు పడుతుంది, అది ముందే ఒప్పుకుని ఎక్కాలి. ఒగ్గన్న అన్నది ఈ బండి గురించే అనుకుంటా. దసరా తర్వాత తిరుగు ప్రయాణాల రద్దీ వేరేవైపు ఉన్నా దీపావళి ముందు మార్వాడీ వ్యాపారులు ఇంటికి వెళ్తారు, అందుకని బెర్తులు ముందే చూసుకోండి.

అక్టోబరులో పగలు ఎండ మన ఎండలాగే మండుతుంది, 35 డిగ్రీలు మామూలు. తెల్లవారుజామున జస్వంత్ థడా దగ్గర మాత్రం శాలువా కావాలి. చలువరాయి మీద కూర్చుంటే చలి కింద నుంచి వస్తుంది.

గంటస్తంభం దగ్గర మిర్చీబడా తినండి. మన బజ్జీయే, లోపల ఆలుగడ్డ కూరి ఉంటుంది. మా కడపవాళ్లకి కారం చాలదు, జేబులో కారప్పొడి పొట్లం పెట్టుకోండి.

వీణాపాణి
ఆదివారం, రాత్రి 9:00

తేదీలు లెక్కేశాను. సద్దుల బతుకమ్మ, దసరా ఇంట్లో చేసుకుని మర్నాడు రైలెక్కితే కచేరీలకి అందుకోవచ్చు. పున్నమి రాత్రి చివరి కచేరీ విని బయల్దేరితే అట్లతద్దికి, అంటే మూడో రోజుకి, ఇంట్లో ఉంటాం. మా అత్తగారిది రాజోలు, అట్లతద్ది తప్పిందంటే నా పని అంతే. తంబూరా గారి భార్య వస్తానంటే నేనూ సిద్ధం. ఆడవాళ్లం ఇద్దరం కలిస్తే తెల్లవారుజాము కచేరీకి చీకట్లో వెళ్లడానికి టెన్షన్ ఉండదు.

తంబూరా_తీగ
ఆదివారం, రాత్రి 9:35

మా ఆవిడ ఇదంతా చదివి సరేనంది. ఒక షరతు పెట్టింది. వచ్చాక ఒగ్గన్న చెప్పిన డీజే లేని వాడ ఎక్కడో కనుక్కుని వచ్చే ఏడు బతుకమ్మకి అక్కడికి తీసుకెళ్లాలట. అన్నా, మీరు ఊరి పేరు చెప్పాలి.

ఒగ్గు_డోలు
ఆదివారం, రాత్రి 9:50

వచ్చే ఏడు దాక ఎందుకు, సంక్రాంతి అయినంక కొమురవెల్లిల పెద్దపట్నానికి రండి. వదినమ్మను కూడా తోలుకరండి. తెల్లందాక కూసోవాలె, మధ్యల లేచిపోవుడు లేదు.

శ్రుతిపెట్టె
ఆదివారం, రాత్రి 10:05

రాత్రంతా కథ అంటే నేనూ వస్తాను, కుర్చీ ఒకటి వేయిస్తే. ఇంతకీ ఎడారి_బాట గారూ, ఒక ప్రశ్న. ఆ కోట కొండ మీద ఉన్నదని విన్నాను. మోకాళ్లు అరిగినవాడు ఎక్కగలడా?

ఎడారి_బాట
ఆదివారం, రాత్రి 10:15

చూశారా, మాస్టారు మెత్తబడుతున్నారు! లిఫ్టు ఉంది మాస్టారూ, గేటు దగ్గరే అడిగి టికెట్టు తీసుకోవాలి. దిగేటప్పుడు నడిచి రావచ్చు, కానీ రాళ్లు పరిచిన ఏటవాలు దారి, చెప్పులు జారతాయి. బూట్లు వేసుకోండి. మీకోసం గ్లాసులు పట్టుకోని వైపు చోటు చూసి పెడతాను.